పథ్యం పాస్తా

నీది కాదురా బాబూ ఆ చీజ్! ఎన్నిసార్లు చెప్పాలి? పై ఇంటావిడ ఫ్రిజ్ పాడైపోయిందట. కాసేపు మీ దాంట్లో ఉంచమ్మా అని ఇచ్చి వెళ్ళింది. అంతే. దానికంత ఆరా తియ్యాల్సిందేం లేదు. ఎక్కడ తీశావో అక్కడ పెట్టెయ్.

పెట్టవా?

సరే, ఒళ్ళోనే పెట్టుకుని కూర్చో. చిన్నప్పుడు పగిలిన పలక కూడా ఇలాగే గుండెకు హత్తుకుని పడుకునేవాడివి, ఎవరో ఎత్తుకుపోతారని. నేను కూరగాయలకు అలా వెళ్ళి ఇలా వచ్చేసరికి ఫ్రిజ్ అంతా సోదా చేసేశావన్నమాట. లేచి నాలుగడుగులు వెయ్యమంటే వెయ్యవు గానీ దీనికి మాత్రం ఓపికుంది. నాకిక్కడ పొయ్యి మీద కొబ్బరిపాలున్నాయి. నీతో వాదిస్తూ నిలబడితే విరిగి ఊరుకుంటాయి.

ఆగాగు, గడప దాటకు! ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పొయ్యి దగ్గరికొస్తావేంట్రా? మెషిన్ బిగించినాయన ఏం చెప్పాడు? మంటకు దూరంగా ఉండమన్నాడా, లేదా? కుర్చీ అక్కడే ఉండనీ, హాల్లో, ఫ్రిజ్ పక్కన. గుమ్మంలోంచి నీకు పొయ్యి కనబడుతోంది, నాకు నీ మొహం కనబడుతోంది. చాలదూ?

తెలుసులే. ఇన్నేళ్ళూ పొయ్యి ముందు నిలబడి బతికినవాణ్ణి తెచ్చి గుమ్మం బయట కూర్చోబెడితే ఎలా ఉంటుందో నాకు తెలీదా? నన్నేం చెయ్యమంటావ్ మరి.

ఏంటి, మళ్ళీ ఆ టకటకా? స్పూనుతో కుర్చీ చెయ్యి మీద ఒకసారి కొడితే ఇంకా వెయ్యమని, రెండుసార్లు కొడితే దించెయ్యమని. నీ రెస్టారెంట్ వంటింట్లో ఈ చప్పుడు వినబడితే చాలు, నీ కింద పనిచేసేవాళ్ళంతా గజగజలాడేవాళ్ళట కదా. వాళ్ళు వణికారేమో, నేను వణకను. నేను నీ అక్కని. నీ ముక్కు తుడిచినదాన్ని. ఏదో, మాట్లాడితే నీకు ఆయాసం, ఉన్న కాస్త ఊపిరి మాటలకెందుకు పాడుచేసుకోవడం అని ఈ టకటకలకు ఒప్పుకున్నాను.

ఏం వెయ్యాలి ఇంకా? వెల్లుల్లా? ఇప్పటికే ఇల్లంతా గుప్పుమంటోంది. సరే, వేస్తున్నా. ఇదిగో, వేశా. సంతోషమా?

ఒక్క మాట చెప్పనీ. ఇవాళ పిండి మాత్రం బ్రహ్మాండంగా కుదిరిందిరా. కర్రపెండలం పిండంటే మాటలా? గోధుమపిండిలా సాగదు. గుడ్డు వెయ్యకూడదు. పట్టుకుంటే పగులుతుంది, వదిలితే అతుక్కుంటుంది. పిండి కొద్దీ రొట్టె అని ఊరికే అన్నారా! మొదటిసారి చేసినప్పుడు ఏమైందో గుర్తుందా? రిబ్బన్లు రిబ్బన్లుగా నీళ్ళల్లో వేశాను, మూత తీసి చూస్తే గంజి. నువ్వు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నావు, మీ బావ వచ్చి వీపు రుద్దాల్సొచ్చింది. "అక్కా, దీన్ని పాస్తా అనకు, పాపం పాస్తా నిన్నేం చేసింది?" అన్నావు. అప్పుడు నీకు అంత పొడుగు మాట మాట్లాడే ఊపిరి ఉండేది.

ఇప్పుడొచ్చి చూడు. అదే, అక్కణ్ణుంచే చూడు. సలసల మరిగే నీళ్ళు పోసి, వేడి వేడిగా ఉండగానే మర్దించి, తడిగుడ్డ కప్పి పక్కన పెట్టాను. తర్వాత పల్చగా వత్తి, స్కేలు పెట్టి, కాలర్లకు పట్టీలు కత్తిరించినట్టు కోశాను. బట్టలు కుట్టేదాని చేతిలో పడితే పిండైనా గీత తప్పదు. ఒక్కటంటే ఒక్కటి విరగలేదు. నా మిషన్ మీద కుట్టు కోసం ఎదురుచూస్తున్న బట్టలు కొండలా పడున్నాయి, నేనిక్కడ పిండికి పట్టీలు కోసుకుంటూ కూర్చున్నాను. గౌన్లు కుట్టడానికిచ్చినావిడ వచ్చి అరుస్తుంది చూడు. అరవనీ.

తాతకు దగ్గులు నేర్పుతున్నానంటావా? దగ్గుల సంగతి ఇప్పుడు నీకంటే బాగా ఎవరికి తెలుసులే.

ఛీ. నా నోటికి తాళం లేదు. అంటే అన్నాగానీ నువ్వు నవ్వావు, చూశా. మూతి పక్కన కాస్త కదిలింది. అది చాలు నాకు ఈ పూటకి.

అసలు నువ్వు వంటవాడివయ్యిందే నా వంట తినలేక! అందరికీ చెప్పేవాడివిగా, పేపరువాళ్ళొచ్చి అడిగితే కూడా అదే చెప్పావు. "మా అక్క చేతి తిండి నుంచి తప్పించుకోడానికి గరిటె పట్టానండీ" అని. నలుగురూ నవ్వడం, నేను సిగ్గుతో చావడం. నిజమే అనుకో. అమ్మ ఫ్యాక్టరీలో షిఫ్టుకెళితే నీకు నేను గుడ్డు వేయించిపెట్టేదాన్ని. కింద మాడేది, పైన పచ్చిగా ఉండేది. ఒకరోజు స్టూలు జరుపుకుని దాని మీదికెక్కి, "నువ్వు తప్పుకో అక్కా" అన్నావు. అంతే. ఆ తప్పుకోవడం తప్పుకోవడం, మళ్ళీ వంటింట్లో బుద్ధిగా కాలు పెట్టింది నీకు జబ్బు చేశాకే. ఇంట్లో మీ బావే వండేవాడు కదా, పాపం, బస్సు తోలొచ్చి మరీ. ఇప్పుడు చూడు, చివరికి నా వంటే నీకు దిక్కయింది.

చివరికంటే... చివరికని కాదు. మాటవరసకి అన్నాను. అలా చూడకు.

రెండు కొట్టావా? దించెయ్యాలా? అవునవును, కాలీఫ్లవర్ మెత్తబడిపోయింది. వేలు పెడితే దిగబడుతోంది. ఆగు, మిక్సీ తిప్పేదాకా చెవులు మూసుకో.

...అయింది. ఇదిగో చూడు, గరిటెకెలా పట్టుకుందో! తెల్లగా, నున్నగా, జారీ జారనట్టు. కాలీఫ్లవర్ ఏంటి, కొబ్బరిపాలేంటి, వేయించిన వెల్లుల్లేంటి, అవన్నీ కలిసి ఇలా అవుతాయని ఎవరైనా అంటే నేను నమ్ముదునా? నిన్ను అందరూ క్రీమ్ మాస్టర్, క్రీమ్ మాస్టర్ అనేవాళ్ళు. ఇందులో చుక్క క్రీమ్ లేదు. క్రీమ్ లేకుండా క్రీమ్ చేసేదాన్ని నన్నేమనాలి మరి? చెప్పు. బిరుదొకటి పడెయ్ నాకు కూడా.

ఎంత విచిత్రంగా వచ్చిందిరా నీకీ మాయదారి రోగం. చేతులతో మొదలైంది. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు, కత్తి జారిపోయేది. వంటవాళ్ళకు ఇదంతా మామూలే అన్నావు. తర్వాత మోకాళ్ళు. తర్వాత ఒంటి మీద ఆ ఎర్రటి మచ్చలు. డాక్టరమ్మ చెబుతుంటే ముందు నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురుతిరిగి ఒంటి మీద పడుతోందట. "అంటే కంచే చేను మేస్తోందన్నమాట" అన్నాను. "అంతేనమ్మా" అంది. బయటి శత్రువైతే తలుపేసుకుంటాం. కంచెకు తలుపెక్కడ పెడతాం?

ఆ తర్వాత పథ్యం గురించి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు. గుర్తుందా ఆ పిల్ల, జుట్టు ఎత్తి కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు? గోధుమలు వద్దు. పాలు వద్దు. వెన్న, క్రీమ్, చీజ్ వద్దు. గుడ్డు వద్దు. టమాటా వద్దు, మిరప వద్దు. ఆఖరికి మిరియం కూడా వద్దు, అది గింజట. నువ్వు ఒక్కోదానికీ తలూపుతూ కూర్చున్నావు. అంతా అయ్యాక నెమ్మదిగా, "మా మెనూ కార్డు మొత్తం భలే చదివారండీ" అన్నావు. ఆ పిల్ల నవ్వింది. నువ్వూ నవ్వావు. నేను బాత్రూంలోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇంటికొచ్చి నేను చేసిన హంగామా ఉంది చూడు! కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, పాల ప్యాకెట్టుతో సహా ఇంట్లోంచి అన్నీ బయటికే. ఒకళ్ళు తింటూ ఇంకొకళ్ళు చూస్తూ ఉండకూడదు, ఇంట్లో అందరికీ ఒకటే పథ్యం అన్నాను. మీ బావ పాలులేని టీ తాగుతూ అలా బిక్కమొహం వేసుకుని చూసేవాడు. డిపో క్యాంటీన్లో మెక్కి వస్తాడని నాకు తెలీదనుకుంటాడు. మీసాలకు వెన్న అంటించుకుని వచ్చి, "ఆకలేస్తోంది, ఏం చేశావ్?" అంటాడు. కనీసం మూతి తుడుచుకోవడం కూడా రాదు ఆ మనిషికి. అయినా నీ ముందు ఒక్క రోజు మొహం చిట్లించాడా? పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టు తిని లేచేవాడు.

పనిచెయ్యలేదా మరి? నువ్వే చెప్పు, పనిచెయ్యలేదా? ఆ చలికాలమంతా ఎంత బాగున్నావు! మచ్చలు మానాయి. నీ అంతట నువ్వే వీధి చివరి కొట్టుదాకా వెళ్ళి పుట్టగొడుగులు ఏరుకొచ్చేవాడివి. ఇదిగో ఇక్కడ, ఈ బండ దగ్గర నిలబడి నాకు నేర్పావు. పుట్టగొడుగులకు ముందే ఉప్పెయ్యకు, నీళ్ళు వదిలి నీరుగారిపోతాయి అన్నావు. పాస్తా ఉడికిన నీళ్ళు పారబొయ్యకు, అందులోనే ఉంది అసలు చిక్కదనం, ఒక గరిటెడు సాస్‌లో కలుపు అన్నావు. నీ కత్తి నువ్వే నూరుకున్నావు ఒకరోజు. ఆ చప్పుడుకు నేను మిషన్ ఆపేసి విన్నాను. గెలిచాం అనుకున్నాను. మందులే తగ్గించాయో, పథ్యమే తగ్గించిందో నాకెందుకు? నేను వండాను, వాడు లేచాడు, అంతే అనుకున్నాను. నా జన్మలో నేను చేసిన మంచి వంట అదొక్కటే.

తర్వాత అది ఊపిరితిత్తుల మీద పడింది. పోనీలే, ఇప్పుడదంతా ఎందుకు.

పుట్టగొడుగులు చూడు, అంచులు ఎర్రబడ్డాయి. ఉప్పు వెయ్యలేదులే, కంగారుపడకు. ఇప్పుడేస్తున్నా.

డాక్టరమ్మ ఏమందా? మళ్ళీ మొదలెట్టావా! నిన్ననే చెప్పాగా. బాగానే ఉందంది. పథ్యం బాగా పనిచేస్తోంది, ఇలాగే కొనసాగించండి, ఏమాత్రం తేడా రానివ్వద్దు అంది. చాలా మెచ్చుకుంది కూడా. మీలా వండిపెట్టేవాళ్ళుంటే సగం రోగం ఇంట్లోనే పోతుందమ్మా అంది. ఎండలో కూర్చోబెట్టమంది. కాస్త బలం వస్తే ఆక్సిజన్ కూడా తగ్గించి చూద్దామంది.

ఏంట్రా ఆ చూపు? నేనేమైనా అబద్ధం చెబుతున్నానా?

ఎందుకు చెబుతాను?

పొద్దునే నీ నీలం చొక్కా ఇంకాస్త లోపలికి కుట్టాను. భుజాల దగ్గర వేలాడుతోందని. గుడ్డ మాత్రం కత్తిరించలేదు, లోపల మడిచి ఉంచాను. మళ్ళీ ఒళ్ళొస్తే ఒక్క దారం లాగితే చాలు, విప్పుకోవచ్చు. మా పనిలో అదొక పద్ధతి, పెరిగే పిల్లల బట్టలకు అలాగే వదులుతాం. అన్ని చొక్కాలకీ అలాగే వదిలాను. లోపల మడతలు పెరిగిపోయి నీకు గుచ్చుకుంటున్నాయని తెలుసు. అయినా కత్తెర పెట్టబుద్ధి కాలేదు.

ఇదిగో, అయిపోయింది. నిమ్మకాయ పిండాను. ఆ పచ్చటి ఆకు నాలుగు రెబ్బలు తుంచి పైన వేశాను, నువ్వు వేసినట్టే, ఒక పక్కకి. కాస్త రుచి చూడనీ.

అబ్బా. నిజంగా బాగుందిరా! ఒట్టు. ఎప్పుడూ నా వంటని నేను మెచ్చుకోను, నీకు తెలుసుగా.

తెస్తున్నా, తెస్తున్నా. ఒళ్ళో ఆ చీజ్ తీసి పక్కన పెట్టు, పళ్ళెం పెట్టుకోవాలి. తియ్యరా.

ఏంటి, అలా ఎత్తి చూపిస్తావేం? ఏముంది దాని మీద? స్టిక్కరా? ఏ కొట్టుదైతే ఏంటి?

...ఆసుపత్రి ఎదురుగా ఉన్న కొట్టుదా. అయితే? పై ఇంటావిడ అక్కడ కొనుక్కోకూడదా?

అవును. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగదు. నిజమే. వాళ్ళమ్మాయి తెచ్చిందేమో. ఏమో, నేనడగలేదు. అన్నీ అడిగి ఉంచుకుంటామా?

కొట్టకు. ఆ స్పూనుతో కొట్టకురా. వింటున్నా.

నేనే కొన్నాను.

నేనే. సరేనా? నేనే కొన్నాను, నిన్న, ఆసుపత్రిలో నిన్ను మీ బావ దగ్గర వదిలి మందులకని వెళ్ళినప్పుడు. పాల ప్యాకెట్టు కూడా గడప తొక్కనివ్వని మనిషి ఫ్రిజ్‌లో చీజ్ పెట్టుకుంటే నీకు తెలీకుండా ఉంటుందా? ఆ మాత్రం ఆలోచన నాకెందుకు లేకపోయింది. ఆకుకూరల కింద దాచాను మళ్ళీ, తెలివిగా.

చెబుతాను. కూర్చో. కదలకు, గొట్టం లాగుతుంది. నేను కింద కూర్చుంటాలే, నీ కాళ్ళ దగ్గర.

నర్సు నీకు బీపీ చూస్తుంటే నన్ను లోపలికి పిలిచింది కదా డాక్టరమ్మ. కూర్చోబెట్టింది. ఏం తింటున్నాడమ్మా అని అడిగింది. నేను మొదలెట్టాను. కర్రపెండలం పిండితో ఏం చేస్తానో, కొబ్బరిపాలు ఎలా కాస్తానో, ఒక్క మిరియం గింజ కూడా ఇంట్లో లేకుండా ఎలా చూసుకుంటానో, అన్నీ చెప్పాను. నిజంగానే మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాకుండా మొత్తం వింది. బయట అంతమంది రోగులున్నా వింది. అప్పుడే అనుమానం రావాలి నాకు.

మొత్తం విని నా చెయ్యి పట్టుకుంది. "ఇక ఆ పథ్యం అక్కర్లేదమ్మా. ఆయనకేది ఇష్టమైతే అది పెట్టండి" అంది.

నేనేం చేశానో తెలుసా? సంతోషపడ్డానురా! పిచ్చిదాన్ని. ఎంత సంతోషపడ్డానో! రోగం తగ్గుముఖం పట్టింది కాబోలు, అందుకే పథ్యం తీసేసింది కాబోలు అనుకున్నాను. "అయితే మావాడికి చీజ్ కూడా పెట్టొచ్చా డాక్టర్ గారూ?" అని అడిగాను, ఇంత మొహం చేసుకుని, నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "పెట్టండి" అంది. అని బల్ల మీదున్న పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

అప్పటికీ నాకు సరిగ్గా ఎక్కలేదు. ఎక్కిందేమో, నేనే ఎక్కించుకోలేదేమో. మందుల షాపుకని వెళ్ళినదాన్ని పక్క కొట్లోకి వెళ్ళాను. ఏ చీజ్ కావాలండీ అంటే పేరు రాదు నాకు. గట్టిగా ఉంటుంది, మా తమ్ముడు తురిమితే పొడిపొడిగా పొగమంచులా రాలుతుంది, ఆఖర్న వేస్తాడు, అది ఇవ్వమ్మా అన్నాను. ఆ పిల్లకి తెలిసింది. పెద్దదివ్వనా, చిన్నదా అంది. పెద్దదైతే ఎన్నాళ్ళు నిలవుంటుంది అని అడిగాను. చాలా నెలలుంటుందండీ అంది.

చిన్నది తీసుకున్నాను.

ఎందుకు చిన్నది తీసుకున్నానో కొట్టు మెట్లు దిగుతుంటే తెలిసొచ్చింది. అక్కడే ఆ మెట్ల మీద కూర్చుండిపోయాను. జనం పక్కనుంచి వెళుతున్నారు. ఎవరో మంచినీళ్ళు కావాలా అన్నారు.

పథ్యం అనేది బతకాల్సినవాళ్ళకు పెడతారురా. ఇష్టమైంది పెట్టండి అని ఎవరికంటారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇవాళ ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేశాను. ఒక్క రిబ్బన్ విరక్కుండా. నీకు నేనింకా పథ్యం పెడుతున్నానంటే, ఇంకా ఏదో ఉన్నట్టే కదా? ఈ చీజ్ నీ పళ్ళెంలో తురిమానా, అయిపోయినట్టే. ఆవిడ మాటకు నేను సంతకం పెట్టినట్టే.

కానీ నువ్వు దాన్ని పట్టుకుని కూర్చున్నావు. ఇంత పొద్దెక్కినా వదల్లేదు. దాని కోసమే పుట్టినట్టు చూస్తున్నావు దాన్ని. ఎంతమందికి పెట్టావు నీ చేత్తో! నీకు నోరు కట్టేసి నేను నా ఆశని మేపుకుంటున్నాను. ఇదేం ప్రేమ? నేను మనిషినేనా అసలు?

ఇలా ఇవ్వు. తురుముతాను. తురుముపీట తెచ్చుకున్నా, ఇదిగో. ఎంత కావాలో కొట్టి చెప్పు, ఒకటే ఒకటి కొట్టుకుంటూ పో, నేను వేస్తూనే ఉంటాను. డాక్టరమ్మే పెట్టమంది కదా, తప్పేముంది? హాయిగా తిను. కడుపారా తిను. ఇవ్వరా.

వదులు. ఎందుకలా బిగించి పట్టుకున్నావ్? నా చెయ్యెందుకు పట్టుకుంటావ్, చీజ్ వదలమంటుంటే?

ఏంటి? వినబడలేదు. మెల్లిగా. తొందరేం లేదు, ఊపిరి తీసుకో. ఉండు, చెవి ఇలా దగ్గర పెడతాను.

తీసెయ్యాలా?

ఏంటి తీసెయ్యాలి? ఇదా? చీజా?

నువ్వు అడుగుతున్నావనుకున్నానురా. ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తుంటే, తినాలనుందనుకున్నాను. నీకంతా ముందే తెలిసిపోయింది, నువ్వు ఒప్పేసుకున్నావు, నేనొక్కదాన్నే మొండికేస్తున్నాను అనుకున్నాను. దాన్నెందుకలా దూరంగా నెడుతున్నావ్? దీన్ని చూసి భయపడ్డావా? చీజ్ ముక్కని చూసి? నువ్వు?

ఓరి నా తండ్రీ.

ఇంతసేపూ భయంతో పట్టుకుని కూర్చున్నావా? నేనేమో నా గోల నేను పెట్టుకుంటూ...

సరే. సరే, ఏడవకు. ఏడిస్తే ఊపిరందదు. నేనూ ఏడవటం లేదు, చూడు. తీసేస్తున్నా. ఇదిగో, ప్యాకెట్ కూడా విప్పలేదు, ఇలాగే బుట్టలో పడేస్తున్నా. కాదు కాదు, ఇంట్లో బుట్టలో కూడా వద్దు, బయట పడేసొస్తాను. డాక్టరమ్మ ఏమీ అనలేదు. నేనేమీ వినలేదు. నాకసలు చెవుడు, మీ బావనడుగు.

పథ్యమే పెట్టాలా? ఇంకా చెప్పు. ఆ మాట ఇంకోసారి చెప్పు. వద్దులే, ఆయాసపడకు, వినబడింది.

ఉండు, పళ్ళెంలోది చల్లారి ముద్దైపోయింది. పాస్తా నీళ్ళు పారబొయ్యలేదులే, రెండు గరిటెలు పోసి వెచ్చబెట్టి తెస్తాను. పథ్యమే పెడతాను. రేపూ అదే, ఎల్లుండీ అదే. నీకెన్నాళ్ళు తినాలనుంటే అన్నాళ్ళు తిను. వండిపెడతాను. నాకు మాత్రం ఇంకేం పనుంది గనక?